లెగాస్పిలో చెరిపెయ్యని గుర్తులు

ఫిలిప్పీన్స్‌లోని లెగాస్పి ఊళ్ళో ఏ వీధి మలుపులో నిలబడి వాయవ్యం వైపు తల తిప్పినా మయోన్ అగ్నిపర్వతం కనిపిస్తుంది, మబ్బు అడ్డం రాకపోతే. ఎత్తు 2,462 మీటర్లు. అంకె చూస్తే మన ఊటీ పక్కనున్న దొడ్డబెట్ట కంటే తక్కువే, అది 2,637. కానీ దొడ్డబెట్ట దగ్గరికి చేరేసరికి ఊటీ దాకా ఎక్కేసి ఉంటాం, కంటికి కనపడేది పైన మిగిలిన కాస్తే. మయోన్ అలా కాదు, సముద్రం పక్కనే లేచింది. ఆల్బాయ్ గల్ఫ్ గట్టు మీద నిలబడితే నీటిమట్టం దగ్గర్నుంచి కొస దాకా మొత్తం ఎత్తు ఒకేసారి కళ్ళముందు ఉంటుంది. ఎడమ వాలూ కుడి వాలూ ఒక్కలాగే దిగుతాయి. దాని భుజానికి ఆనుకుని ఇంకో కొండంటూ లేదు.

ఆ ఆకారం వెనకాల చాలా జరిగింది. తూర్పున సముద్రం అడుగున ఉన్న ఫిలిప్పీన్ సముద్రపు పలక, అంటే భూమి పైపొరలో ఒక పెద్ద ముక్క, ఈ దీవుల కిందికి చొరబడుతూ ఉంది. ఆ లోతుల్లో కరిగిన రాయి ఒకే నోటి గుండా పైకొచ్చి, ఒకసారి లావాగా, ఒకసారి బూడిదగా, పొర మీద పొరగా చుట్టూ పడుతూ వచ్చింది. 1616 నుంచి రాసిపెట్టిన లెక్కలో యాభై సార్లకి అటూఇటూగా పేలింది. ఫొటోల్లో మనం మెచ్చుకునే ఆ నున్నటి వాలంతా అలా పడ్డ సరుకే.

నేను వెళ్ళింది ఫొటోల కోసం కాదు. మా అక్క కూతురు అక్కడ మెడిసిన్ చదువుతోంది. ఫిలిప్పీన్స్‌లో మెడిసిన్ అంటే మన పిల్లలు ఎక్కువగా దావావ్ వెళ్తారు, కొందరు మనీలా. లెగాస్పిలోనూ మన తెలుగు పిల్లలు ఉన్నారు. మా పిల్ల చేరిన కొత్తల్లోనే, 2023 జూన్‌లో, మయోన్ మీద నుంచి లావా ఎర్రగా కారడం మొదలైంది. ఆ వీడియోలు నెల్లూరు దాకా వచ్చాయి. అక్క ఆ నెలంతా నిద్రపోయిందో లేదో నాకు తెలియదు గానీ, తెల్లవారుజామున నాలుగింటికి నాకు ఫోన్లు వచ్చేవి. "నువ్వొకసారి వెళ్ళి చూసి రావే. నీ పనే అది గదా, నువ్వు చెబితే నమ్ముతా" అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది. పోయిన ఆగస్టుకి కుదిరింది.

నా పని గురించి ఒక మాట చెప్పాలి. చెన్నైలో ఇన్సూరెన్సు క్లెయిములకి నష్టం లెక్కగట్టే సర్వేయర్ని. మునిగిన కొట్లు, మునిగిన గోడౌన్లు, మునిగిన ఇళ్ళు. ఏ ప్రమాదమైనా ముందు ఎంత ఎత్తు వచ్చిందని అడగడం ఆ పనివల్ల వచ్చిన అలవాటు.

ప్రయాణం సంగతి తొందరగా చెప్పేస్తాను. 2025 జూన్ నుంచి మనవాళ్ళకి 14 రోజుల దాకా వీసా అక్కర్లేదు, అదొక పెద్ద వెసులుబాటు. చెన్నై నుంచి సింగపూరు, అక్కణ్ణుంచి మనీలా, మనీలా నుంచి గంట పైచిలుకు చిన్న విమానం. పాత విమానాశ్రయం ఊరి మధ్యలో ఉండేది. 2021 అక్టోబరు నుంచి విమానాలన్నీ పక్కనే దరాగాలో కట్టిన కొత్తదానికి వస్తున్నాయి. మనీలా నుంచి బస్సులో అయితే రాత్రంతా పడుతుంది. పిల్ల అడిగినవి తీసుకెళ్ళాను: కందిపొడి, గోంగూర పచ్చడి, ఆవకాయ, చిన్న కుక్కరుకి కొత్త గాస్కెట్టు.

దిగిన రోజు కొండ కనిపించలేదు. కొండ ఉండాల్సిన చోట బూడిద రంగు మబ్బు, దానికింద పచ్చటి పాదం. "పిన్నీ, పొద్దున్నే లేస్తేనే కనిపిస్తుంది, తొమ్మిదయితే మబ్బు కప్పేస్తుంది" అంది పిల్ల. మర్నాడు ఐదింటికే లేపింది. వాళ్ళ అద్దె ఇంటి మేడమీదికి ఎక్కాం. తూర్పున సముద్రం మీద ఇంకా వెలుగు రాలేదు, కొండ కొసకి మాత్రం వచ్చింది. అక్కడ మొదలైన రంగు నెమ్మదిగా కిందికి దిగుతుంటే వాలు మీద నిలువుగా చీలికలు ఒక్కొక్కటే తేలాయి. అవి వాగులు. పైనుంచి కిందికి, ఊళ్ళవైపు దిగే వాగులు. ఎంత అందంగా ఉందో చెప్పడం నాకు చేతకాదు. కానీ నా చూపు ఆ వాగుల మీదే ఆగిపోయింది, ఒక్కోటి ఏ ఊరికి వెళ్తోందా అని.

ఆ వాగుల సంగతి సరిగా అర్థమైంది లిగ్నాన్ కొండ ఎక్కాకే. ఊళ్ళోనే ఉన్న చిన్న గుట్ట అది, 156 మీటర్లు, తారు రోడ్డే గానీ బాగా నిట్టనిలువు. పైకెక్కితే ఒకపక్క ఊరూ రేవూ, ఒకపక్క మయోన్. అగ్నిపర్వతాలనీ భూకంపాలనీ గమనించే వాళ్ళ ప్రభుత్వ సంస్థ ఫివోల్క్స్ పరిశీలన కేంద్రం ఆ గుట్ట మీదే ఉంది. కొండ లోపల ప్రకంపనలు, వాలు ఎంత ఉబ్బింది, గంధకపు వాయువు రోజుకెంత వస్తోంది, ఇవన్నీ కొలుస్తూ, సున్నా నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయి ప్రకటిస్తారు. స్థాయి ఏదైనా, శిఖరం నుంచి 6 కిలోమీటర్ల లోపల మాత్రం ఎప్పటికీ నివాసం ఉండకూడదు. ఆ గీత శాశ్వతం.

ఆ అంకె అక్కడ అందరికీ నోటికి వచ్చు. ట్రైసికిల్, అంటే పక్కన సీటు తగిలించిన మోటార్‌సైకిల్ బండి, నడిపే అబ్బాయి తన ఊరు ఎన్నో కిలోమీటరులో ఉందో చెప్పాడు. కూరగాయలమ్మే ఆవిడ చెప్పింది. మా పిల్ల కూడా వచ్చిన మొదటి వారంలోనే నేర్చుకుంది. చెన్నైలో మా వీధి అడయారు నది నుంచి ఎన్ని మీటర్ల దూరంలో ఉందో, ఎంత ఎత్తులో ఉందో మా బిల్డింగులో ఎవరినైనా అడగండి. నేను అడిగి చూశాను, వచ్చాక.

ఇక కాగ్సావా. లెగాస్పి నుంచి కమాలిగ్ వైపు వెళ్ళే జీప్‌నీ (పొడవాటి జీపులాంటి షేర్ బండి) ఎక్కితే హైవే మీద దింపుతారు, అక్కణ్ణుంచి నడకే. మయోన్ ఫొటో ఎవరు పెట్టినా అందులో ముందర నల్లగా ఒక గంటగోపురం ఉంటుందే, అదే ఇది. 1814 ఫిబ్రవరి 1న మయోన్ పేలినప్పుడు కాగ్సావా అనే ఊరు మొత్తం రాళ్ళ కిందా బురద కిందా పోయింది. చుట్టుపక్కల కలిపి దాదాపు 1,200 మంది చనిపోయారు. చర్చిలో తలదాచుకున్నవాళ్ళు చర్చితోపాటే పోయారని అక్కడ చెప్పుకుంటారు. 20వ శతాబ్దం మొదట్లో తీసిన ఫొటోల్లో చర్చి ముందుగోడ కూడా ఇంకా నిలబడే ఉంది, తర్వాత పడిపోయింది. గంటగోపురం ఒక్కటే మిగిలింది.

గోపురం రాళ్ళు దగ్గర్నుంచి చూశాను. నల్లటి రాయి, చెయ్యి పెడితే గరుకు, సందుల్లోంచి ఫెర్న్ మొక్కలు వేలాడుతున్నాయి. పక్కన గడ్డిలో మనిషెత్తు బండలు అక్కడక్కడా పడున్నాయి, ఎవరో పార్కు అందం కోసం తెచ్చిపెట్టినట్టు. తెచ్చింది కొండే. పది పన్నెండేళ్ళ పిల్లలు మన ఫోను తీసుకుని, శిఖరాన్ని మనం రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఫొటో తీసిపెడతారు, కాసిని డబ్బులిస్తే చాలు. మా పిల్ల తీయించుకుంది. నేను మాత్రం గోపురం చుట్టూ తిరుగుతూ, మేం నిలబడిన నేలకీ అసలు చర్చి నేలకీ మధ్య ఎంత మందం ఉంటుందా అని లెక్కేసుకుంటున్నాను. అక్కడి మొత్తం పార్కు ఒక గుర్తు. సరుకు ఇంత ఎత్తు వచ్చింది అని చెప్పే గుర్తు. దాన్ని వాళ్ళు 200 ఏళ్ళుగా కళ్ళముందే ఉంచుకున్నారు. పిల్లల్ని స్కూలు బస్సుల్లో తీసుకొచ్చి చూపిస్తున్నారు.

అక్కడే నాకు మా గోడలు గుర్తొచ్చాయి. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు సైదాపేటలో, జాఫర్‌ఖాన్‌పేటలో, కొట్టూరుపురంలో నేను టేపు పట్టని వీధి లేదు. నీళ్ళు తీశాక గోడ మీద ఒక చార మిగులుతుంది. కింద బురద రంగు, పైన అసలు రంగు, మధ్యలో గీసినట్టు ఒక అంచు. కొన్ని ఇళ్ళలో నా ఛాతీ దాకా, కొన్నిట్లో తలపైకి. ఆ చార పట్టుకునే నా రిపోర్టులన్నీ రాశాను. మళ్ళీ సంక్రాంతి వచ్చేసరికి చాలా ఇళ్ళకి కొత్త రంగులు. బాధని రోజూ చూడలేక వేసుకున్నవాళ్ళని నేనేమీ అనను. కానీ అమ్మేటప్పుడు, అద్దెకిచ్చేటప్పుడు "ఇక్కడికి నీళ్ళు రాలేదండీ" అని ధైర్యంగా చెప్పడానికి వేసిన రంగులు కూడా చూశాను. ఆ ఇళ్ళలోకి కొత్తగా వచ్చినవాళ్ళే 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి మళ్ళీ క్లెయిము కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళకి ఆ చార ఎవరూ చూపించలేదు.

లెగాస్పి వాళ్ళతో మాట్లాడేకొద్దీ ఇంకోటి తెలిసింది. వాళ్ళని ఎక్కువ భయపెట్టేది లావా కాదు, వాన. లావా నెమ్మదిగా వస్తుంది, ముందే తెలుస్తుంది. పేలినప్పుడల్లా వాలు మీద పోగుపడిన బూడిద, ఇసుక, రాళ్ళు అలాగే పైన ఉండిపోతాయి, నెలలు, ఏళ్ళు. పెద్ద వాన పడితే అదంతా వాగుల వెంట కిందికి దిగుతుంది. దాన్ని లహార్ అంటారు. రెడీమిక్స్ లారీ నుంచి కాంక్రీటు జారడం చూశారు కదా, అదే చిక్కదనం. ఆ కాంక్రీటులో ఇంటంత బండలు దొర్లుకుంటూ వస్తాయని ఊహించుకోవాలి.

2006లో జరిగింది అదే. ఆ జులైలో మయోన్ లావా కక్కడం మొదలుపెట్టింది. ఆగస్టులో వేలకొద్దీ జనాన్ని ఖాళీ చేయించారు. భయపడినంత పెద్ద పేలుడు రాలేదు, జనం ఇళ్ళకి తిరిగొచ్చారు. నవంబరు 30న తుపాను వచ్చింది. వాళ్ళు రెమింగ్ అంటారు, బయటి ప్రపంచం దురియన్ అంది. ఒక్క రోజులో లెగాస్పిలో 466 మిల్లీమీటర్ల వాన. ఈ అంకె చూసి నా ఒళ్ళు జలదరించింది. 2015 డిసెంబరు 1న మొదలైన ఆ 24 గంటల్లో చెంబరంబాక్కంలో పడింది 47 సెంటీమీటర్లు, తాంబరంలో 49. అంటే అక్కడా ఇక్కడా ఒకే కొలత వాన. మన మీదికి నీళ్ళు వచ్చాయి. వాళ్ళ మీదికి కొండ వచ్చింది. లెగాస్పి శివారు పాడాంగ్, దరాగాలో కొన్ని పేటలు, గినోబాతాన్ వైపు ఊళ్ళు కూరుకుపోయాయి. చనిపోయినవాళ్ళూ గల్లంతైనవాళ్ళూ కలిపి వెయ్యిమందికి పైనే.

పాడాంగ్ వెళ్ళాలని నేనే పట్టుబట్టాను. టూరిస్టులు ఆగే చోటు కాదు. ట్రైసికిల్ అబ్బాయి మమ్మల్ని వింతగా చూశాడు గానీ, నేను ఏం పని చేస్తానో పిల్ల చెప్పాక వాడే ముందు నడిచాడు. ఇప్పుడక్కడ కొబ్బరి చెట్లు, గడ్డి, మామూలు ఇళ్ళు. వాటి మధ్యలో ఒక పాత గోడ చూపించాడు. గోడలో కిటికీ ఉంది. కిటికీ గడప నా మోకాలి కిందికి ఉంది. ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉన్నాయి, లోపల గది ఉండాల్సిన చోట ఇసుక, ఇసుకలో అరటి పిలకలు. నేను వంగి చూశాను. చువ్వల వెనక గచ్చు ఎక్కడో తెలియదు, తలుపు ఎక్కడో తెలియదు. సంచిలో నా టేపు ఉంది, తియ్యబుద్ధి కాలేదు. వాడి మేనత్త ఇల్లు అటు ఇంకాస్త ముందుకి ఉండేదట. ఉండేది అని మాత్రమే అన్నాడు, నేను మళ్ళీ అడగలేదు.

2006 తర్వాత ఆల్బాయ్ రాష్ట్రం, అంటే వాళ్ళ లెక్కలో ప్రావిన్సు, ప్రాణనష్టం సున్నా అనే లక్ష్యాన్ని మరింత గట్టిగా పట్టుకుంది. విపత్తులకని ఆ ప్రావిన్సుకి సొంతంగా పర్మనెంటు ఆఫీసే ఉంది, తుపాను వచ్చినప్పుడు వేసే కమిటీ కాదు. 2018 జనవరిలో హెచ్చరిక 4కి పెరిగినప్పుడు 80 వేల మందికి పైగా జనాన్ని తరలించారు. 2023లో దాదాపు 20 వేల మందిని. అలాగని అంతా సాఫీ అని చెప్పను. శిబిరాలుగా వాడేది స్కూళ్ళనే. నెలల తరబడి తరగతి గదుల్లో కుటుంబాలు ఉంటే పిల్లల చదువు ఎక్కడ జరగాలి? పైగా పొలం, పశువులు 6 కిలోమీటర్ల గీతకి లోపలే ఉంటాయి. పగలు వెళ్ళి గేదెకి మేత వేసి రావాలనిపించడం సహజం. 1993 ఫిబ్రవరి 2న చనిపోయిన డెబ్భై పైచిలుకు మందిలో ఎక్కువమంది అలా పొలాల్లో ఉన్న రైతులే. నిప్పులాంటి వాయువూ బూడిదా కలిసిన మేఘం వాగు వెంట దిగింది. పరిగెత్తి తప్పించుకోగలిగింది కాదది.

"మరి అక్కడెందుకు ఉంటారు వాళ్ళు?" అని నేను తిరిగొచ్చాక చాలామంది అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చదు. బూడిద నేలలో ఏది వేసినా పండుతుంది, వాళ్ళ కూరగాయలూ కొబ్బరీ, అరటిలాంటి అబకా మొక్క నారా అన్నీ ఆ వాలు మీదివే. అడయారు గట్టు మీద గుడిసె వేసుకున్నవాణ్ణి ఎందుకున్నావని అడిగితే ఏం చెబుతాడో వీళ్ళూ అదే చెబుతారు: పని ఇక్కడ ఉంది. అడగాల్సింది అది కాదు. బయల్దేరమని వాళ్ళకి ఎవరు చెబుతారు, ఎన్ని గంటల ముందు చెబుతారు, వెళ్ళిన చోట అన్నం ఉంటుందా, వదిలొచ్చిన గేదె బతుకుతుందా, ఇవి అడగాలి.

మా పిల్ల ఉండే ఇంటావిడది కమాలిగ్. 2018లో వాళ్ళమ్మతో సహా శిబిరంలో ఉండి వచ్చిందట. తలుపు వెనక మేకుకి ఒక సంచి వేలాడుతోంది, అందులో ఇంటి కాగితాలు, బియ్యం, టార్చి, మందులు, మాస్కులు. రోజూ ఆ సంచి తగులుకుంటూనే అందరూ తలుపు తీస్తారు. మా పిల్లకీ ఒకటి కట్టించింది, పాస్‌పోర్టు కాపీతో సహా. అక్కకి ఆ సంచి ఫొటో పంపాను. నేను ఎంత చెప్పినా రాని ధైర్యం ఆ ఫొటోకి వచ్చింది.

ఆవిడ వంట గురించి చెప్పకుండా ఉండలేను. బికోల్ ప్రాంతపు వంటంటే కొబ్బరిపాలు, పచ్చిమిరప. ఫిలిప్పీన్స్‌లో మిగతా చోట్ల కారం తక్కువ, మన పిల్లలు ఏడుస్తూ ఉంటారు. ఇక్కడ మాత్రం సన్నటి సూదిమిరప కాయలు గుప్పెళ్ళతో వేస్తారు. మిరపకాయ ఐస్‌క్రీము కూడా అమ్ముతారు, నిజంగానే కారంగా ఉంటుంది, నాకు నచ్చింది. కానీ నేను మరిచిపోలేనిది లైంగ్. ఎండబెట్టిన చేమాకు, అల్లం, ఎండుచేప, రొయ్యల ముద్ద, మిరపకాయలు, చిక్కటి కొబ్బరిపాలు. పొయ్యి మీద పెట్టి సన్నసెగన వదిలేసింది. నేను అలవాటుగా గరిటె పట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. పాలు పూర్తిగా ఇంకేదాకా కలపకూడదట, కలిపితే గొంతు దురద. మా అమ్మ చేమాకు పులుసులో ఆ దురదకి చింతపండు దండిగా పోస్తుంది. ఇక్కడ చింతపండు లేకుండా కొబ్బరిపాలతో, ఓపికతో అదే పని చేశారు. నూనె తేలి, ఆకు నల్లబడి, పాలు ముద్దగా దగ్గరపడ్డాక దించింది. వేడి అన్నంలో కలుపుకుంటే, మా నెల్లూరు వాళ్ళం ఎవరైనా రెండోసారి అడుగుతాం. కమాలిగ్‌లో ఇదే చేమాకుని పొట్లాలుగా మడిచి, కొబ్బరాకు ఈనెతో కట్టి ఉడికిస్తారు, దాని పేరు పినంగాత్. ఆవిడ మా ఆవకాయ రుచి చూసి సీసా తన బీరువాలో పెట్టుకుంది.

బజారులో పిలి గింజలు కొట్టే ఆవిడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పిలి ఇక్కడి చెట్టే, కాయ నల్లగా నేరేడు రంగు, లోపల రెండు కొసలా మొన తేలిన గట్టి గింజ. ఆవిడ ఎడమచేత్తో గింజని మొద్దు మీద నిలబెట్టి, కుడిచేత్తో బరువైన కత్తిని ఒక్కసారి వేస్తుంది. గింజ సరిగ్గా నడుం దగ్గర రెండయ్యేది, లోపలి పప్పుకి మాత్రం గీత పడేది కాదు. వేలికీ కత్తికీ మధ్య ఎడం ఒక అంగుళం కూడా లేదు, ఆవిడ చూపు గింజ మీద లేదు, పక్కావిడతో మాట్లాడుతూనే ఉంది. పప్పు బాదం కంటే మెత్తన, వెన్న రుచి. కాయ కండ కూడా పారెయ్యరు, వేడినీళ్ళలో వేసి మెత్తబడ్డాక ఉప్పద్దుకుని తింటారు. తుపానుకి కొబ్బరీ అబకా పడిపోయినా పిలి చెట్టు గట్టిగా నిలబడుతుందని అక్కడ పేరు.

వెళ్ళేవాళ్ళకి ఇంకో రెండు మాటలు. దరాగా చర్చి తప్పకుండా చూడండి. 1773లో గుట్ట మీద అగ్నిపర్వతపు రాతితో కట్టారు, మెలితిరిగిన స్తంభాల మీద చెక్కడం చూడదగ్గది. కాగ్సావాలో బతికి బయటపడినవాళ్ళు ఈ ఎత్తుకే వచ్చి స్థిరపడ్డారు, ఇక్కణ్ణుంచి కిందికి చూస్తే ఎందుకొచ్చారో తెలుస్తుంది. గట్టిపడిన పాత లావా దాకా తీసుకెళ్ళే నాలుగు చక్రాల బళ్ళు మేం వెళ్ళినప్పుడు బాగా నడుస్తున్నాయి. నేను ఎక్కలేదు, పిల్ల ఎక్కింది. కొండ ఎక్కించే గైడు దొరికినా స్థాయి ఎంతో కనుక్కోకుండా వెళ్ళొద్దు. 2013 మే 7న పెద్ద హెచ్చరికేమీ లేకుండా ఆవిరి పేలి ఐదుగురు పర్వతారోహకులు చనిపోయారు. తిమింగల సొరచేపలు కనిపించే దోన్సోల్ దగ్గరే గానీ వాటి కాలం నవంబరు తర్వాత, మాకు కుదరలేదు.

అక్కకి నా రిపోర్టు చిన్నదే ఇచ్చాను. ఇల్లు 6 కిలోమీటర్ల గీతకి చాలా బయట, యావా ఏటికి దూరం, లహార్ మ్యాపులో లేత రంగులో ఉంది. గది మాత్రం కింద అంతస్తులో ఉంది, పైకి మార్చమన్నాను, మార్చుకుంది.

వచ్చాక మా అపార్టుమెంటు మీటింగులో ఒక సంగతి ఎత్తాను. 2015లో మా బిల్డింగులో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో గేటు స్తంభం మీద గీత గీసి తేదీ వేద్దామన్నాను. మూడో అంతస్తు మావయ్యగారు వెంటనే సరేనన్నారు, ఆ రాత్రి కింద అంతస్తు ముసలాయన్ని కుర్చీతో సహా మెట్లెక్కించినవాళ్ళలో ఆయనొకరు. ఫ్లాటు అమ్మకానికి పెట్టినవాళ్ళు ఒప్పుకోలేదు. గేటు మీద గీత ఉంటే కొనేవాడు వెనక్కి పోతాడన్నారు. వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కానీ కొనేవాడికి తెలియకూడదన్న మాట నేను ఒప్పుకోను, అదే మీటింగులో చెప్పాను. రెండు గంటల వాదన తర్వాత, గేటు మీద కాకుండా కరెంటు మీటర్ల గదిలో గీయడానికి ఒప్పుకున్నారు. గీశాం. ఆ గీతకి మా మీటర్లన్నీ కిందే ఉన్నాయి. వాటిని పైకి మార్చడానికి ఎంతవుతుందో ఎలక్ట్రీషియన్ దగ్గర లెక్క తీసుకున్నాను, వచ్చే మీటింగులో పెడుతున్నాను. గేటు సంగతి కూడా మళ్ళీ ఎత్తుతాను.